పిచ్చుకల పేరున్న వంటకం కోసం దర్శి దాకా

సుభాషిణి రాసిన దాంట్లో తప్పొకటైనా దొరుకుతుందేమోనని నేను దర్శి వెళ్ళాను. మిరప చేలు చూడ్డానికని ఇంట్లో చెప్పాను. పత్రిక సంపాదకుడికి ఇంకోలా చెప్పాను. వెళ్ళొచ్చి ఇరవై రోజులైంది కాబట్టి ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లిషు చెప్తాను. పదకొండేళ్ళుగా ఒక వారపత్రికలో ఇంగ్లిషు మాటల మీద ఒక పేజీ రాస్తున్నాను. మాట ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎలా పలకాలి, వాక్యంలో ఎలా వాడాలి, అంతే. మొన్న చలికాలంలో పరాయి దేశాల వంటల పేర్లు మొదలుపెట్టి, ఒక వారం 'ష్పెట్స్‌లె' గురించి రాశాను. ఇంగ్లిషు వంట పుస్తకాల్లో, హోటళ్ళ మెనూల్లో కనిపించే జర్మన్ మాట అది. నేను దాన్ని 'స్పాట్‌జిల్' అని రాశాను. 'సేమ్యా లాంటి జర్మన్ నూడుల్స్' అని అర్థం చెప్పాను. పైగా ఒక అరటిపండు, ఒక గారె అన్నట్టు, 'ఒక స్పాట్‌జిల్' అని ఇంగ్లిషులో ఉదాహరణ వాక్యం కూడా ఇచ్చాను.

రెండు వారాలకి అదే పేజీలో చుట్టూ గీత గీసి ఒక ఉత్తరం వేశారు. మాట మొదట్లో ఉన్నది స కాదు, ష అట. అది సేమ్యాలా పొడుగ్గా ఉండదు, చిటికెనవేలి కొసంత ముక్కలుగా వంకరటింకరగా ఉంటుందట. స్వాబియా అనే ప్రాంతం వాళ్ళ యాసలో ఆ మాటకి చిట్టి పిచ్చుకలని అర్థమట. ఇంగ్లిషు వాళ్ళు అర్థాన్ని అక్కడే వదిలి శబ్దాన్ని మాత్రం తెచ్చుకున్నారట. ఉప్మాని ఒకటీ రెండూ అని లెక్కపెట్టనట్టే దాన్నీ మామూలుగా లెక్కపెట్టరు, ప్లేటుతో చెప్తారట. కొందరు ఏకవచనంలోనూ కొందరు బహువచనంలోనూ రాస్తారు, రెండూ చెల్లుతాయట. మొత్తం ఆరేడు వాక్యాలు. కింద సుభాషిణి, దర్శి అని ఉంది.

ఆ ఉత్తరాన్ని ఫొటో తీసి జనం ఒకరికొకరు పంపుకున్నారు. నా పక్కింటావిడ నాకే పంపింది. సంపాదకుడు ఫోన్ చేసి, ఆవిడెవరో భలే రాశారండీ అన్నాడు. ఎమ్మేలో నా రూమ్మేటేనని చెప్పకుండా ఉంటే సరిపోయేది. చెప్పాను. అయితే మీరే వెళ్ళి కలవండి, వారం విడిచి వారం ఆవిడ రాస్తారేమో అడగండి, మీకూ కాస్త విశ్రాంతి అన్నాడు. విశ్రాంతి కావాలని నేను ఎవర్నీ అడగలేదు.

గుంటూరు

ముప్ఫై ఏళ్ళ కిందట మేమిద్దరం చదివింది ఇక్కడే. హాస్టల్లో ఒకే గది. మార్కుల్లో ఫస్టు నేను, సెకండు సుభాషిణి. కానీ మా లెక్చరర్ క్లాసులో పైకి చదివి వినిపించింది ఎప్పుడూ దాని వాక్యాలే. "చూడండి, ఈ అమ్మాయి ఒక్క మాట ఎక్కువ రాయదు" అనేవారు. నా పేపరు మీద మాత్రం మార్కులు వేసి ఇచ్చేసేవారు. బస్సు దిగగానే మిరపఘాటు ముక్కుకి తగిలి మూడుసార్లు తుమ్మాను. నాలుగో తుమ్ముకి ఆ లెక్చరర్ గొంతు గుర్తొచ్చింది.

స్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్ఫై రూపాయలు. చట్నీ పక్కన అడక్కుండానే కారప్పొడి కుప్పగా పోసి, మధ్యలో గుంట చేసి నెయ్యి వేశారు. మా వైపు ఆ కారప్పొడిని నలుగురికి సర్దుతారు. నేను దాన్ని వేలితో పక్కకి జరుపుతుంటే హోటలాయన చూసి, ఏ ఊరని అడిగాడు. రాజమండ్రి అన్నాను. అందుకా అని నవ్వి, లోపలికి కేకేసి పంచదార తెప్పించాడు. అది వేసుకోడానికి పౌరుషం అడ్డొచ్చి ఉన్న కారప్పొడంతా తిన్నాను. కళ్ళనీళ్ళు కారుతుంటే ఆయనే మజ్జిగ తెచ్చి ఇచ్చి డబ్బులు తీసుకోలేదు.

ప్రత్తిపాడు

మిరప చేలు చూస్తానని ఇంట్లో చెప్పాను కాబట్టి అదైనా నిజం చేద్దామని ప్రత్తిపాడులో దిగాను. ఊరు దాటగానే రోడ్డుకి రెండు వైపులా కోతలు. ఒక పక్క పత్తి అయిపోయి మోడులు మిగిలాయి. ఇంకో పక్క ఆడవాళ్ళు తలలకి గుడ్డలు చుట్టుకుని వరసగా వంగి కాయలు కోస్తున్నారు. మా వైపు నాట్లప్పుడు పాటలు వినిపిస్తాయి. ఇక్కడ పాట లేదు, చేను ఈ చివర నుంచి ఆ చివరకి వినపడేలా మాట్లాడుకుంటున్నారు. మొదట పోట్లాడుకుంటున్నారనుకున్నాను. అన్నంలోకి ఏం తెచ్చుకున్నావని అడుగుతోందట ఒకావిడ.

ఆవిడ పేరు కోటేశ్వరమ్మ. దర్శి పక్క పల్లె నుంచి కోతలకి ముఠాతో వచ్చింది. నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, ఏం పని మీద పోతున్నావమ్మా అని అడిగింది. దర్శిలో సుభాషిణి అని ఒక టీచరు, ఆవిడ దగ్గరికి అన్నాను. నడుం నిటారుగా చేసి నిలబడింది.

"సుభా టీచరమ్మా? మా ఆయన చేలో పురుగుమందు కొట్టేటప్పుడు డబ్బా మీద ఏం రాసిందో చదివి చెప్పింది ఆ తల్లే. ముక్కుకి గుడ్డ కట్టుకోకపోతే ఏమవుద్దో బొమ్మ గీసి మరీ చెప్పింది. ఊరందరికీ చెప్పింది."

పదకొండేళ్ళలో నా పేజీ చదివి ముక్కుకి గుడ్డ కట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. దర్శి ఇంకా ఎంత దూరమో ఉంది, దాని పొగడ్త ఇక్కడే మొదలైంది. ఏదో ఒకటి చెయ్యాలని నేనూ నాలుగు కాయలు కోసి, ఆ చేత్తోనే కన్ను తుడుచుకున్నాను. తర్వాత పావుగంట నాకేమీ కనిపించలేదు. కోటేశ్వరమ్మ తన కారియర్లోని పెరుగు తీసి నా కంటి చుట్టూ రాసి, కొంగుతో విసురుతూ కూర్చుంది. తన మధ్యాహ్నం పెరుగు అలా అయిపోయింది.

దర్శి, మొదటి సాయంత్రం

సుభాషిణి ఇంటి ముందు కల్లం నిండా మిరపకాయలు ఎండబోశారు. ఎర్రటి దుప్పటి పరిచినట్టు ఉంది, దాని అంచున కూర్చుని వాళ్ళత్తగారు రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. నన్ను చూసి, రాజమండ్రి అమ్మాయివా, కన్నట్టా వాచిందేంది అని అడిగింది. లోపలి నుంచి సుభాషిణి వచ్చింది. జుట్టు సగం నెరిసింది, రంగు వెయ్యలేదు. నేను ప్రయాణానికి ముందురోజే వేయించుకున్నాను.

"ఏమే కామూ, నువ్వు నిజంగా వచ్చావా" అని రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులకి మిరపఘాటు ఉంది, మనిషి ముఖంలో మాత్రం ఎక్కడా మంట లేదు. ఉత్తరం సంగతి ఎత్తుతుందేమోనని భోజనం దాకా కాచుకున్నాను. ఎత్తలేదు. రాగి సంకటి, పండుమిరపకాయ పచ్చడి, గోంగూర పప్పు పెట్టింది. సంకటి మధ్య గుంటలో నెయ్యి పోసి ఇస్తే, మా వైపు అన్నంలా కలపబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపి, ఉండలు చేసుకుని ముంచుకోవాలని చూపించింది. నేను ఇంగ్లిషు చెప్తానంటే, మా సుభ కూడా చెప్పుద్ది అంది. అది ఈ ఇంట్లో విశేషమేమీ కాదు.

దర్శి, రెండో రోజు

పొద్దున్నే నేనే అడిగాను, ఆ జర్మన్ మాట నీకెలా తెలుసని. పుస్తకం పేరేదో చెప్తుంది, ఆ పుస్తకంలో తప్పు వెతకొచ్చు అనుకున్నాను. సుభాషిణి పాలు పొయ్యి మీద పెట్టి, నాలుగేళ్ళ కిందటి సంగతి చెప్పింది.

వాళ్ళాయన మందులు తక్కువ వాడి పండించే మిరపని విదేశాలకి పంపే వాళ్ళలో ఒకడు. ఆ పంట చూడ్డానికి ఉర్సుల అని యాభై ఏళ్ళ జర్మన్ ఆవిడ వచ్చింది. రెండో రోజే టైఫాయిడ్ పట్టుకుంది. కదలకూడదని డాక్టరు చెప్పడంతో ఆవిడ పన్నెండు రోజులు ఈ ఇంట్లోనే, ఇదే గదిలో పడుకుంది. పెరుగన్నం నాలుగు మెతుకులు తిని ప్లేటు పక్కన పెట్టేసేది. అయిదో రోజు కాస్త జ్వరం తగ్గాక ఒక్క మాట అడిగింది, ష్పెట్స్‌లె. సుభాషిణి దగ్గరున్న పాత నిఘంటువులో ఆ మాట లేదు. ఫోన్లో వెతికితే ఒకచోట నూడుల్స్ అని, ఇంకోచోట నీళ్ళలో ఉడికే పిండి ముద్ద అని ఉంది. నూడుల్సే తేలికని ప్యాకెట్ తెప్పించి వండి పెట్టింది. ఉర్సుల రెండు పోగులు నోట్లో పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఏడుస్తోందని నాకు వెనక నుంచే తెలిసింది" అంది సుభాషిణి. "ఆవిడ అది అడిగితే నేను ఇది పెట్టాను గదా. ఇంగ్లిషులో రెండు మాటలూ దగ్గరగానే ఉన్నాయి, నోటికి మాత్రం కాదు."

మర్నాడు ఉర్సుల మందు చీటీ వెనక పెన్నుతో ఒక పిట్టని గీసి, కింద ఆ మాట రాసింది. పిట్టని చూపించి, నోరు చూపించింది. అత్తగారు హడలిపోయింది. పిచ్చుకల్ని కోసిపెట్టమంటుందా, మా ఇంట్లో అట్టాటివి కుదరవని చెప్పమంది. ఉర్సులకి ఆ గొడవ అర్థమై, జ్వరం వచ్చాక మొదటిసారి నవ్వింది. లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచి, గిన్నెలన్నీ చూసుకుంటూ వచ్చి, గోడకి వేలాడుతున్న బూందీ దూసే చిల్లుల చట్రం తీసి గుండెలకి హత్తుకుంది.

మైదా, కోడిగుడ్లు, ఉప్పు, కొంచెం పాలు. జారుగా కలిపి, చట్రంలో పోసి, గరిటెతో రాస్తుంటే కింద మరుగుతున్న నీళ్ళలోకి ముక్కలు ముక్కలుగా పడ్డాయట. నూనెలో పడాల్సిన బూందీ నీళ్ళలో పడుతుంటే చూడలేక అత్తగారు బయటికి వెళ్ళిపోయింది. పడ్డవి పడ్డట్టు మునిగి, కాసేపటికి పైకి తేలాయి. ఒకదానికి తోక, ఒకదానికి ముక్కు. వెన్నా వేయించిన ఉల్లిపాయా వేసుకుని ఉర్సుల ప్లేటు మొత్తం తిని, అలాగే కూర్చుని నిద్రపోయింది. వెళ్ళేలోపు ఆ మాట ఎలా పలకాలో, ఇంగ్లిషు వాళ్ళు దాన్ని ఎన్ని రకాలుగా రాస్తారో, నూడుల్ అంటే వాళ్ళ నాయనమ్మకి ఎందుకు కోపమో, అన్నీ సుభాషిణికి చెప్పింది. ఆ మాట పుట్టిన చోటివాళ్ళు చెప్తే అలా నేర్చుకుంది అది. నేను మూడు నిఘంటువులు ముందేసుకుని, మూడింట్లోంచీ నాకు అనుకూలమైంది తీసుకున్నాను.

ఆ పూట చేసి పెట్టింది కూడా. మెత్తగా, పంటి కింద కొంచెం సాగుతూ, వెన్న వాసనతో వెచ్చగా ఉంది. అత్తగారు తన ప్లేటులో కారప్పొడి జల్లుకుని, నాలుగు పిచ్చుకలు వెయ్యవే అని అడిగింది. ఈ ఇంట్లో దాని పేరు అదే. నేను బాగుందన్నాను. బాగుందన్న మాట నా నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో సుభాషిణి గమనించిందో లేదో తెలియదు.

తర్వాత అది బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చింది. అందులో నా పేజీలు. పదకొండేళ్ళవీ కత్తిరించి, మైదా పిండితో అంటించి పెట్టుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. తిప్పుతూ పోతే అంచుల్లో పెన్సిలు గీతలు కనిపించాయి. ఇక్కడ ఉచ్చారణ తప్పు, అక్కడ ఉదాహరణ అతకలేదు, ఈ మాట అక్కడి నుంచి రాలేదు. మూడు పేజీల్లో ఏడు లెక్కపెట్టి ఆపేశాను. అన్నీ సరైనవే.

ఇవి పత్రికకి ఎందుకు పంపలేదని అడిగాను.

"ఎందుకు పంపడం? నువ్వు రాస్తుంటే చదువుకోడానికి బాగుండేది. బడిలో దిద్దీ దిద్దీ నా చెయ్యి ఊరుకోదు, అంతే."

"మరి అదొక్కటే ఎందుకు పంపావు?"

"ఆ మాట నాకు ఒక మనిషి బొమ్మ గీసి ఇచ్చింది కామూ. దాన్ని నువ్వు సేమ్యా అంటే ఊరుకోలేకపోయాను."

నాతో పోటీకని పంపి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఆ ఆలోచనే దానికి లేదు. పదకొండేళ్ళు నన్ను మించి తెలిసి ఉండి, నాకు తెలియనివ్వకుండా కూర్చుంది. దీన్ని మంచితనం అనాలని నాకు తెలుసు. ఆ పూట నాకు అలా అనిపించలేదు.

దర్శి, మూడో రోజు

పొద్దున ఈసారి నేను చేస్తానన్నాను. దానికి వచ్చింది నాకు రాకుండా పోతుందా అని. పిండి గట్టిగా కలిపాను. చట్రంలోంచి దిగలేదు. గట్టిగా నొక్కితే మొత్తం ఒకేసారి ఊడి నీళ్ళలో పడి, మణికట్టు మీద ఆవిరి కొట్టింది. తేలిందాన్ని అత్తగారు గరిటెతో ఎత్తి చూసి, ఇది గుడ్లగూబమ్మా అంది. సుభాషిణి నవ్వకుండా నా చేతికి తేనె రాసింది. నవ్వినా బాగుండేది.

అప్పుడే సంపాదకుడు ఫోన్ చేశాడు. పెరట్లోకి వెళ్ళి ఎత్తాను. ఆవిడ ఏమన్నారండీ అని అడిగాడు. నేనింకా అడగనేలేదు. ఆమెకి ఇంటిపని, పొలంపని సరిపోతోంది, ఆసక్తి లేదంది అని చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం, కామా కూడా పడలేదు. అయ్యో అని పెట్టేశాడు.

లోపలికి వస్తే సుభాషిణి నా బ్యాగు సర్దుతోంది. పండుమిరపకాయ పచ్చడి సీసాకి గుడ్డ చుడుతూ, తలెత్తకుండా ఒక సంగతి చెప్పింది. ఉత్తరం అచ్చులో చూసుకున్న రోజు బడిలో పాఠం చెప్పలేకపోయిందట, పిల్లలకి చదువుకోమని చెప్పి ఆ పేజీ చూస్తూ కూర్చుందట. ముప్ఫై ఏళ్ళలో తన మాట ఒకటి బయటివాళ్ళు చదవడం అదే మొదటిసారట. ఇంకొకసారి రాయాలని ఉంది, నువ్వేమీ అనుకోవుగా అని అడిగింది.

మంచం మీద కూర్చున్నాను. సంపాదకుడు అడగమన్నదీ, నేను అడగనిదీ, పెరట్లో చెప్పిందీ మొత్తం చెప్పేశాను. చెప్తే తేలికవుతుందని అంటారు. నాకేమీ కాలేదు.

సుభాషిణి చేతిలోని గుడ్డ కింద పెట్టింది. కల్లంలో అత్తగారు కాయలు కదిపిన చప్పుడు వినిపిస్తోంది.

"వద్దని చెప్పినా చెప్పేదాన్నేమో" అంది. "అది నన్ను చెప్పనియ్యాల్సింది గదా. హాస్టల్లోనూ నువ్వింతే. నా నోట్సు తీసుకెళ్ళి పరీక్ష అయ్యాక ఇచ్చావు. మర్చిపోయావనుకున్నాను అప్పుడు."

మర్చిపోలేదు నేను. ఆ సంగతి దానికి తెలియదనుకుని ముప్ఫై ఏళ్ళు బతికాను.

ఫోన్ ఇవ్వమని చెయ్యి చాపింది. ఇచ్చాను. నా ఎదుటే సంపాదకుడికి ఫోన్ చేసి, కామేశ్వరి గారు పొరపాటుగా విన్నారండీ, నాకు రాయాలని ఉంది అని చెప్పింది. నా అబద్ధాన్ని పొరపాటు చేసి పెట్టింది. నామీద జాలి పడో, తన మూలంగా నా పేరు చెడకూడదనో తెలియదు. వారం విడిచి వారం ఖాయమైంది.

బస్సు దాకా వచ్చింది. బస్సు కదిలేముందు కిటికీలోంచి ఒక స్టీలు డబ్బా అందించి, దారిలో తిను, పాడైపోద్ది అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. చెయ్యి ఊపలేదు.

అద్దంకి దాటాక

అద్దంకిలో నా పక్క సీటులో ఒకావిడ ఎక్కింది. చిలకలూరిపేటలో కూతురింటికి పోతోందట, ఒళ్ళో పెద్ద గుమ్మడికాయ. ఆకలేసి నేను డబ్బా మూత తీశాను, లోపల సుభాషిణి మళ్ళీ చేసిన ష్పెట్స్‌లె. వెన్న పేరుకుంది కానీ వాసన అలాగే ఉంది. ఆవిడ కాసేపు చూసి, అదేందమ్మా, బూందీలా ఉంది, తెల్లగా ఉందేంది అని అడిగింది. మూతలో కొంచెం పెట్టి ఇచ్చాను. పేరు అడిగితే పిచ్చుకలు అన్నాను. నోటికి ఆ మాట ముందొచ్చింది.

ఆవిడ ఒకటి నమిలింది, ఇంకొకటి నమిలింది. అంతా అయ్యాక వేళ్ళు తుడుచుకుంటూ, ఎవరు చేశారమ్మా ఇది అని అడిగింది.

"నేనేనండి" అన్నాను.

"చేతిలో ఏదో ఉంది తల్లీ నీకు" అంది. అని, నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. మణికట్టు మీద ఆవిరి కొట్టిన మచ్చ చూసి, పాపం వండుతూనే కాల్చుకున్నావా అని దాని పక్కన మెల్లగా నిమిరింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చిలకలూరిపేటలో ఆవిడ దిగేదాకా అలాగే ఉంచాను.